పైలంగా దాచిన జీలుగు గింజలు

మొన్న హన్మకొండలో మా మేనకోడలి కూతురి పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు గేటుకు రెండు వైపులా, మామూలుగా అరటి గెలలు కట్టేచోట, తాటిజాతి చెట్టయిన జీలుగు గెలలు రెండు వేలాడదీశారు. విప్పి వదిలిన జడల్లా మనిషంత పొడవున్నాయి. ప్రతి జడ నిండా పచ్చికాయలు. పిల్లలు వాటిని తెంపి ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. కాసేపటికి చేతులు గోక్కుంటూ తల్లుల దగ్గరికి పరుగెత్తుతున్నారు. తల్లులు చీమలు కుట్టాయేమోనని బట్టలు దులుపుతున్నారు.

డెకరేషన్ పని చూస్తున్న మనిషిని ఇవి ఎక్కడివని అడిగాను.

"గోదావరి అవుతల నుంచి వస్తయి సార్. ఇప్పుడు గిదే ఫ్యాషన్. ప్లాస్టిక్ వద్దంటాండ్రు గదా అందరు" అన్నాడు.

అవి చెట్టు మీద పండనిస్తే విత్తనమయ్యేవని అనబోయి, పెళ్ళిలో ఎందుకులే అని ఊరుకున్నాను. మా నర్సరీ మిత్రుడు ఉంటే ఊరుకునేవాడు కాదు. మగపెళ్ళివారు దిగుతున్నా సరే, గేటు దగ్గరే పంచాయితీ పెట్టేవాడు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పేరు రాయను. ములుగు రోడ్డులో ఉన్న తన నర్సరీకే ఆయన పేరు పెట్టుకోలేదు. "బోర్డు పెడితే బోర్డు చూసి వస్తరు, చెట్టు చూసి రారు" అనేవాడు.

నేను ప్రభుత్వ విత్తన పరీక్షా కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. వరి, మొక్కజొన్న, పెసర, పత్తి గింజల్లో తేమ ఎంత, మొలక ఎంత అని చూడడం నా ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఆయన గురించి నా డైరీలో ఉన్న మొదటి మాటలు ఇవి: "ములుగు రోడ్డు నర్సరీకి వెళ్ళాను. మనిషి కోపిష్టి. నిమ్మ మొక్క ఇవ్వలేదు."

ఇవ్వకపోవడానికి కారణం ఉంది. "మీ పెరట్ల పొద్దటి ఎండ పడుతదా, మాపటి ఎండ పడుతదా?" అని అడిగాడు. నేను తడబడ్డాను. "పోయి చూసి రాండ్రి సార్. నిమ్మ ఏడికి పోదు" అని ఇంకో మొక్కకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయాడు. నేను మర్నాడు గంటగంటకూ పెరట్లో ఎండ ఎక్కడ పడుతోందో రాసుకుని, ఆ కాగితం తీసుకెళ్ళాను. ఆయన దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు ఒక కుర్చీ, ఆదివారం పొద్దున ఒక చాయ్ ఖాయమయ్యాయి.

ఆయన పుట్టింది కొత్తవాడలో. తాత, తండ్రి జంపఖానాలు నేసినవాళ్ళు. పెళ్ళయ్యేదాకా ఆయనా మగ్గం మీద కూర్చున్నాడు. ఎందుకు మానాడో, మొక్కల్లోకి ఎలా వచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మగ్గం వదిలినా నూలు పోగులు మాత్రం వదల్లేదు. ఆయన నర్సరీలో ఏ మొక్కకూ పేరు రాసిన చీటీ ఉండేది కాదు. కాండానికి ఒక రంగు పోగు ముడి, అంతే. అడవి నుంచి గింజ తెచ్చి మొలిపించినదానికి ఎర్రపోగు. బయటి నుంచి కొన్నదానికి నీలం. ఎవరొచ్చి అడిగినా అమ్మనిదానికి పసుపు. నాకు ఈ పద్ధతి నచ్చేది కాదు. పేరు, తేదీ, ఎక్కడ సేకరించిందీ రాసి పెట్టాలని ఎన్నోసార్లు చెప్పాను.

"చీటీ వానకు నానుతది సార్. ఇది కొత్తవాడ రంగు. ఉతికినా పోదు."

మామిడి, జామ, గులాబీ అన్నీ అమ్మేవాడు గానీ ఆయన ప్రాణమంతా తాటి, ఈత, కొబ్బరి వంటి చెట్ల మీదే. వాటిని 'ఒంటిమొగ్గ జాతి' అనేవాడు. వాటికి నెత్తిమీద ఒకటే మొగ్గ, అది పోతే చెట్టు పోయినట్టే. కొమ్మ నరికితే ఇంకో కొమ్మ వేసే వేప, చింతల మీద ఆయనకు కొంచెం చులకన. "వాటికేం ఫికర్? ఏడ నరికితే ఆడ మొలుస్తయి. వీటికి రెండోసారి లేదు" అనేవాడు.

పెట్రోలు బంకుల ముందు, కాలేజీ గేట్ల దగ్గర జంటలు జంటలుగా కనిపించే బాటిల్ పామ్‌ను ఒకరోజు చూపించి అన్నాడు: "ఇది పుట్టిన దీవి సముద్రంల ఏడనో ఉన్నదట సార్. ఆడ అడివిల ఏళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలినయట. మన దగ్గర బంకుకో జోడి. దీన్ని చూస్తే నాకు సర్కస్ పులి యాదికొస్తది."

పక్కన స్పిండిల్ పామ్ ఉన్న చోట బాటిల్ పామ్ గింజను ఆయన ముట్టుకునేవాడు కాదు. రెండింటి పుప్పొడి కలిసి, ఇదీ కాక అదీ కాక ఏదో పుడుతుందని. కొనేవాళ్ళలో ఒక్కరికైనా ఆ తేడా తెలుస్తుందా అని అడిగాను. "చెట్టుకు తెలుస్తది" అన్నాడు.

ఒక ఆదివారం నేను ఉండగానే వెంచర్ ఆయన ఒకరు కారు దిగి, ఇరవై అడుగుల ఫిష్‌టెయిల్ పామ్‌లు రెండు కావాలన్నాడు. ఫిష్‌టెయిల్ అంటే మన జీలుగే. ఆకు చేపతోకలా ఉంటుంది గనుక నర్సరీల్లో ఆ పేరు.

"ఇరవై ఫీట్లయి లేవు. మోకాలెత్తు ఉన్నయి."

"అవి పెరిగేదాక నేనుంటనా?"

"మీ ప్లాట్లు కొన్నోళ్ళుంటరు గదా."

"అన్నా, ఎల్లుండి ఓపెనింగు. నాకు గేటుకాడ నీడ కావాలె."

"నీడనా? టెంటు హౌజుకు ఫోన్ కొట్టు. కుర్చీలు గూడ ఇస్తరు."

వెంచర్ ఆయన ఏదో తిట్టుకుంటూ కారెక్కాడు. వారం తర్వాత ఆ వెంచర్ గేటు ముందు రెండు పెద్ద జీలుగు చెట్లు, ఇనుప పైపుల ఊతంతో నిలబడ్డాయి. ఎక్కడో అడవిలో మిషన్ పెట్టి పెకిలించి తెచ్చినవి. ఆయన నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి చూపించాడు. ఒకదానికి అప్పటికే తల దగ్గర పూగెల బయటికి వస్తోంది.

జీలుగు బతుకులో పూత కాలం ఒక్కటే. మొదటి గెల నెత్తిమీద వేస్తుంది, తర్వాతది దాని కింద. ఏళ్ళ తరబడి అలా కిందికి దిగుతూ వస్తుంది. అట్టడుగు గెల పండగానే చెట్టు చచ్చిపోతుంది. "దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంట మెట్లు దిగినట్టు" అనేవాడు ఆయన. ఆ రోజు ఊతం పైపును పట్టుకుని ఊపి చూసి, "పెద్దగున్నదని తెచ్చిన్రు. ముసల్దయింది గనుకనే పెద్దగున్నది" అన్నాడు. చాలాసేపు పైపు వదల్లేదు.

ఆయనతో ములుగు వైపు జీపులో వెళ్ళడం ఒక పరీక్ష. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా వేలు చూపిస్తూ ఉండేవాడు. "అగో, ఆ మలుపుకాడ రెండుండె." "ఆ బండ ఎనుక ఒకటి, మస్తు పెద్దది." నేను చూసేసరికి అక్కడ మలుపు ఉండేది, బండ ఉండేది. లేని చెట్లను చూపించే మనిషిని తోటి ప్రయాణికులు వింతగా చూసేవారు. ఒకామె "ఆ సారుకు పానం బాగలేదా?" అని నన్ను మెల్లగా అడిగింది కూడా.

ములుగు దాటి, జీపు దిగి, ఇంకో గంట నడిస్తే వాగు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి జీలుగు చెట్టూ ఒక ఇంటిది. తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. మేము వెళ్ళేసరికి మిగిలింది ఒకే చెట్టు. దాని యజమాని ఒక ముసలాయన. పూగెల కొన కోసి, ముంత కట్టి కల్లు తీస్తారు. కోసిన గెల ఇక కాయ కాయదు. పైగెలలన్నీ అలా కోసినవే. అట్టడుగున ఒకే ఒక్క గెల అప్పుడే పొత్తి చీల్చుకుని వస్తోంది.

"కాకా, ఇదొక్కటి కొయ్యకు. పండనియ్యి" అన్నాడు నా మిత్రుడు.

"పండితే ఏమొస్తది?"

"గింజలొస్తయి."

ముసలాయన నవ్వాడు. "గింజ కోసం కల్లు ఇడిసిపెట్టుమనే మొగోణ్ణి నిన్నే చూసిన. మేమెన్నడు జీలుగు నాటలె తమ్మీ. పండ్లు పునుగుపిల్లి తినేది, గింజలు ఏడబడితే ఆడ ఏసేది. ఇప్పుడు పండూ లేదు, పిల్లీ లేదు."

"అందుకే అంటాన. ఇది గీసినా చెట్టు పోతది, గియ్యకున్నా పోతది. గియ్యకుంటే గింజన్న ఉంటది."

"నాకేమిస్తవ్?"

"పది మొక్కలు. నేనే తెచ్చి ఈ వాగు పొంటి నాటి పోత."

"అయి కల్లిచ్చే యాళ్ళకు నేనుంటనా?"

"ఉండవు. నేనూ ఉండ."

ముసలాయన ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "నిజం చెప్పెటోని లెక్కనే ఉన్నవు. ఇడుస్త తియ్యి" అన్నాడు.

ఆ గెల పండడానికి ఏడాదికి పైగా పట్టింది. ఈలోగా ఆయన నాలుగుసార్లు వెళ్ళి చూసి వచ్చాడు. ఆఖరుసారి గెల కోసుకుని గోనె సంచిలో వేసుకుని వచ్చాడు. చెట్టు ఆకులు అప్పటికే ఎండిపోతున్నాయట. జీలుగు పండు గుజ్జు ఒంటికి తగిలితే భరించలేని దురద. నేను లాబ్ అలవాటుతో రబ్బరు తొడుగులు వేసుకుని వెళ్ళాను.

"సారును ఆపరేషన్‌కు పిలిచినట్టున్నది" అని భార్యతో అని నవ్వాడు. తాను మాత్రం చేతులకు ఆముదం రాసుకుని, ఇసుకతో రుద్ది రెండు రోజులు గింజలు కడిగాడు. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. గోకకుండా ఉండడానికి పాటలు పాడుకున్నాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను ఎప్పుడూ చూడలేదు. ఒక గుప్పెడు గింజలు నా ముందు పట్టి, "ఆ అడివి మొత్తం ఇగ ఇదే సార్" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఛాతీలో నొప్పి వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్ళమని ఇక్కడి దవాఖానలో చెప్పారు. కూతురు అక్కడే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ ఆటోను మా ఇంటి ముందు ఆపించాడు. దిగలేదు. భార్య గోనెమూట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన ఆటోలోంచే అన్నాడు:

"పైలం సార్. నేనొచ్చేదాక మీ తాన ఉంచుండ్రి. గింజ సంగతి మీకు తెల్సినట్టు ఎవరికి తెలుసు?"

మూట తడిగా ఉంది. పాపం, హడావుడిలో ఆరబెట్టలేకపోయాడనుకున్నాను. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తడి గింజ అంటే బూజు పట్టే గింజ. పై గదిలో దుప్పటి పరిచి, ఎండ తగలకుండా గింజలన్నీ ఒక వరస మందాన పోశాను. పొద్దునా సాయంత్రం వేళ్ళతో తిరగేశాను. నా భార్య అటు వస్తే కాళ్ళు కడుక్కుని రమ్మన్నాను. తొమ్మిదో రోజు గింజను గింజతో కొట్టి చూస్తే గట్టి చప్పుడు వచ్చింది. వేపాకు పొడి కలిపి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసి, మూత చుట్టూ మైనం పెట్టాను. డైరీలో "పని సంతృప్తికరం" అని రాసుకున్నాను.

ఆయన నెలన్నర తర్వాత తిరిగి వచ్చాడు. సగం మనిషయ్యాడు. మెట్లెక్కలేకపోతే నేనే డబ్బా కిందికి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి ఊపాడు. లోపల గింజలు గలగలమన్నాయి. మళ్ళీ ఊపలేదు.

"ఎండబెట్టిన్రా?" అన్నాడు.

"నీడన. తొమ్మిది రోజులు. ఒక్కదానికి బూజు రానియ్యలె" అన్నాను.

ఆయన మూత మీది మైనం మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. నా భార్య తెచ్చిన చాయ్ చల్లారింది. "మంచిగ దాచిన్రు సార్. ఇంత పైలంగ ఎవరు దాస్తరు?" అన్నాడు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వారంలోగా గింజలన్నీ సంచుల్లో నాటాడు. సంచి సంచికీ పసుపు పోగు కట్టాడు. ప్రతి ఆదివారం వెళ్ళి చూసేవాణ్ణి. "చూద్దాం సార్. జీలుగు లేటు. ఏడాది గూడ పట్టొచ్చు" అనేవాడు. బరువు మోయవద్దని డాక్టరు చెప్పినా చెంబుతో ఒక్కో సంచికీ ఆయనే నీళ్ళు పోసేవాడు. నా డైరీలో ఆదివారం తర్వాత ఆదివారం "ఇంకా మొలక లేదు" అని ఉంది. అలా ఏడాది దాటింది. తర్వాత ఒక పొద్దున చెంబు చేతిలో ఉండగానే ఆయన కూలబడ్డాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, ఆ సంచులను ఎవరు చూసుకుంటారో కనుక్కుందామని ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. రోజూ వచ్చి నీళ్ళు పోస్తానన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒద్దు సారూ. ఇగ పొయ్యకుండ్రి. అయి మొలవయి."

"ఒక్కోసారి రెండేండ్లు గూడ పడతది చెల్లె."

"మీ ఇంటికాంచి డబ్బా తెచ్చిన్నాడే రెండు గింజలు కత్తితోని కోసి చూసిండు. లోపట ముడుసుకపోయి పుల్ల లెక్కున్నయి. జీలుగు గింజ తడి ఆరితే సస్తదట. 'సారుకు చెప్పకు. జిందగీ అంత గింజలు చూసినాయన, ఈ వయసుల తట్టుకోడు' అన్నడు."

"మరి రోజూ నీళ్ళు..."

"మీరు ఆదివారం వస్తరు గదా. సంచి ఎండిపోయి ఉంటే అడుగుతరని."

ఇంటికి వచ్చి పాత డైరీలన్నీ దించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగుకు వెళ్ళినప్పటి డైరీలో దొరికింది. ఎండబెడితే చచ్చే విత్తనాల మీద ఒక గంట పాఠం. మామిడి, పనస, కొన్ని తాటిజాతి చెట్లు. నా దస్తూరీయే. కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. మా కేంద్రానికి అలాంటి గింజ ఒక్కటీ రాలేదు, నేను ఆ పేజీ మళ్ళీ తిప్పలేదు.

కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. తర్వాత, మాట ఇచ్చింది ఆయన, మాట తప్పించింది నేను గనుక, ఆ ముసలాయనకైనా చెప్పాలని ములుగు జీపెక్కాను. వాగు ఒడ్డున చెట్టు లేదు. మొదలు పడిపోయి చెదలు పట్టింది. ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. ఆయన పోయాడన్న వార్త అప్పటికి ఆ ఊరు చేరలేదు. నేను చెప్పగానే కూర్చున్న చోటే తల పట్టుకున్నాడు.

"గింజల సంగతి చెప్పడానికొచ్చిన" అన్నాను.

"ఆయన చెప్పిపోయిండు గదా. దవాఖాన కాంచి వచ్చినంక ఒకపారి వచ్చిండు, కట్టె పట్టుకుంట. తానే ఎండబెట్టి ఖరాబ్ జేసినన్నడు. మస్తు తిట్టిన సారూ. నీకు గింజ ఎట్ల దాసుడో తెల్వకపాయె, నా ఆఖరి గెల మన్నుల కలిపినవు, మళ్ళ నా మొకం చూడకన్న. తల దించుకొని నిలబడ్డడు."

"ఎండబెట్టింది ఆయన కాదు. నేను."

ముసలాయన తల ఎత్తాడు.

"గిప్పుడొచ్చి చెప్తాన్నవా? ఆ తిట్లు వాపస్ తీసుకోను నేను ఆయన్నేడికెల్లి తేవాలె?"

ముసలాయన లేచి గుడిసె వెనక్కి వెళ్ళి పార తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు. వాగు వెంట చెయ్యి చూపించాడు. అప్పుడు చూశాను, మోకాలు లోతు గుంతలు, వరసగా పది. ఆకులు రాలి సగం నిండి ఉన్నాయి.

"ఆయన మాటిచ్చిన ఎండకాలమే తవ్విపెట్టిన. మొన్న దాంట్ల పడి మేకపిల్ల కాలిరిగింది. అచ్చినవు గదా, పూడ్సిపో."

నాకు పార పట్టిన అలవాటు లేదు. రెండు గుంతలు పూడ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. గట్టు మీద కూర్చుని చూస్తున్న ముసలాయన, మూడో గుంత దగ్గరికి వచ్చి, "నువ్వు మట్టి గుంజు, నేను తొక్కుత" అన్నాడు. నేను మట్టి లాగుతుంటే ఆయన లోపలికి దిగి కాళ్ళతో గట్టిగా తొక్కాడు. పదోది కూడా నిండాక ఒడ్డు చదునైంది. మేకలు దాని మీదుగా నడుచుకుంటూ నీళ్ళకు దిగాయి.